మేడమ్ కుడి పాదం

ఫిబ్రవరి 2, సోమవారం

ఉదయం 7.15. నిర్ణయించుకున్నాను. ఇవాళ్టి నుంచి క్లాసులో జవాబు నేను చెప్పను! చచ్చినా చెప్పను. పిల్లలే కొలవాలి, పిల్లలే లెక్కపెట్టాలి, పిల్లలే కనుక్కోవాలి. మొన్న శిక్షణ తరగతిలో ఒకావిడ చెప్పింది కదా, టీచరు నోరు మూస్తే పిల్లాడి బుర్ర తెరుచుకుంటుందని. నాకు ఒళ్లు పులకరించింది. పక్కన కూర్చున్న ఎక్కాల మాష్టారికి మాత్రం ఆవలింత వచ్చింది.

ఆయనది మా పక్క గది. రెండో తరగతి బి సెక్షను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కాలే. మా గోడకి చెవులుంటే ఈపాటికి పదిహేనో ఎక్కం అప్పజెప్పేది.

9.30. పెద్ద మేడమ్ పిలిచింది. మా హెడ్మిస్ట్రెస్. నా తీర్మానం అంతా విని కళ్లజోడు తుడుచుకుంది.

"బాగుందమ్మా. పదమూడో తారీఖు తల్లిదండ్రుల సమావేశం. వాళ్ల ముందు మీ పిల్లలు ఏదైనా కొలిచి చూపించాలి. చూపిస్తే సరే. లేకపోతే నీ క్లాసుని మాష్టారి క్లాసులో కలిపేస్తాను. నువ్వు లైబ్రరీలో పుస్తకాలకి లేబుళ్లు అంటిద్దువుగాని."

నవ్వుతూనే చెప్పింది. కానీ ఆవిడ నవ్వుతూ చెప్పినవన్నీ జరిగాయి, ఇదివరకు. నా పిల్లల్ని ఇంకొకళ్లకి ఇవ్వడమా! నా ముప్పై మందినీ! కుదరదు.

11.00. మొదటి పాఠం. "ఈ బల్ల ఎన్ని జానలుందో కొలవండి." ఎగబడ్డారు. జవాబులు: ఏడు, తొమ్మిది, పదకొండు. ఒకడు "మధ్యాహ్నం" అన్నాడు.

నాలుక కొసదాకా వచ్చింది. మింగేశాను. ఒక రోజు గెలిచాను!

ఫిబ్రవరి 3, మంగళవారం

"ఒకే బల్లకి ఇన్ని జవాబులెలా వచ్చాయి?" అని అడిగాను. అడిగి ఊరుకున్నాను. (ఊరుకోవడం ఎంత కష్టమో! ముక్కు దురద పెడుతుంటే గోక్కోకుండా కూర్చున్నట్టుంది.)

మా క్లాసులో ఒకడున్నాడు, లాయరు. అది నేను పెట్టిన పేరే. బలపం విరిగినా వాదిస్తాడు, విరక్కపోయినా వాదిస్తాడు. వాడు లేచాడు.

"వీడి చెయ్యి పొట్టి మేడమ్. దాని చెయ్యి పొడుగు. అందుకే తేడా."

చూశారా! నేను చెప్పలేదు! వాడే కనుక్కున్నాడు! చప్పట్లు కొట్టాను.

"మరైతే ఏం చెయ్యాలి?"

"అందరం ఒక్కళ్ల చేత్తోనే కొలవాలి."

ఎవరి చెయ్యి? ఎన్నిక పెట్టాం. ముప్పై మంది పోటీ చేశారు. ముప్పై మందికీ తలో ఓటు వచ్చింది. తర్వాత జుట్టు పట్టుకున్నారు. స్కేలు అనే వస్తువు ఒకటి ఉందని చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు.

చివరికి లాయరే తీర్పు చెప్పాడు. "మనలో ఎవరైనా మిగతావాళ్లు ఏడుస్తారు. మేడమ్ అయితే ఎవరూ ఏడవరు. కానీ మేడమ్ చెయ్యి బోర్డు మీద రాయడానికి కావాలి. కాలు ఖాళీయేగా!"

ఏకగ్రీవం. కుడి పాదం. ఎడమది చెల్లదట, ఓటు కుడిదానికే వేశారట.

అంటే ఇవాళ్టి నుంచి నేను టీచర్నీ, కొలతనీ కూడా. గర్వంగానే ఉంది.

ఫిబ్రవరి 4, బుధవారం

అద్భుతం! అద్భుతం! అద్భుతం!

పద్ధతి ఇది. నేను చెప్పులు విప్పి కుడి పాదం పెడతాను. ఒక పిల్ల నా బొటనవేలి దగ్గర సుద్దతో గీత గీస్తుంది. ఆ గీత మీద నేను మడమ పెడతాను. మళ్లీ గీత. అందరూ గొంతెత్తి లెక్కపెడతారు. గీత గీసే పని గుసగుసది. క్లాసంతటికీ చిన్నది. ఆ పిల్ల గొంతు ఇంతవరకు నేను పూర్తిగా వినలేదు. ఏదడిగినా పక్కపిల్ల చెవిలో చెప్తుంది, ఆ పక్కపిల్ల మనకి చెప్తుంది. సుద్దముక్క ఇస్తే మాత్రం వేలికి అడ్డంగా ఒక్క వెంట్రుకవాసి తేడా రానివ్వదు.

ఇవాళ్టి కొలతలు:
గది పొడవు, ఇరవై ఆరు పాదాలు.
మూల నుంచి తలుపు దాకా గోడ, ఎనిమిది పాదాలు.
లాయరు (పడుకోబెట్టి), అయిదు పాదాలు. వాడు అయిదున్నర ఉండాలని అప్పీలు చేశాడు. కొట్టేశాను.

3.00. పెద్ద మేడమ్ తొంగిచూసింది. ఆ తలుపు పక్క గోడకి పుస్తకాల షెల్ఫు చేయించాలని ఎప్పట్నుంచో అనుకుంటోందట. నేను ఊపుమీదున్నాను కదా, "వడ్రంగికి కొలత మా పిల్లలే ఇస్తారు మేడమ్" అనేశాను. ఆవిడ కనుబొమ్మ ఒకటి లేచింది, కాని సరే అంది.

ఫిబ్రవరి 5, గురువారం

నా కాలికి గిరాకీ పెరిగింది. మూడో తరగతి వాళ్లొచ్చి వరండా కొలిపించుకున్నారు. నాలుగో తరగతి వాళ్లు మెట్లు. ఒకటో తరగతి వాళ్లకి ఏం కొలవాలో తెలియక ఊరికే నా కాలు చూసి వెళ్లారు. ఎక్కాల మాష్టారు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం టీచరుగారూ, ఇవాళ కాలు ఖాళీయేనా? మా ఇంటి స్థలం కూడా ఓసారి కొలిచిపెడతారా?"

"మీ పిల్లలకి కొలతలు రావాలంటే మీరే కాలు పెట్టండి మాష్టారూ" అన్నాను.

"మా వాళ్లకి కొలవాల్సిన అవసరమేముందమ్మా? జవాబు ముందే వచ్చు!"

పాపం. ఆయన కాలం మనిషి ఆయన.

సాయంత్రం. తీర్మానం ఇంట్లో కూడా అమలు చేద్దామనిపించింది. అలవాటవ్వాలిగా.

అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. "పంచదార డబ్బా ఎక్కడ పెట్టావే?"

"మీరే ఆలోచించండి అత్తయ్యా. నేను ఎక్కడెక్కడ పెడతానో ఒక్కొక్కటే చూసుకుంటూ రండి."

అత్తయ్య గుమ్మంలో ప్రత్యక్షమైంది. "నేనేమన్నా నీ రెండో తరగతా?"

టీ చప్పగా తాగాం అందరం. పంచదార డబ్బా టీవీ వెనకాల ఉంది. ఎందుకుందో నేనూ చెప్పలేను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఆటస్థలం కొలుద్దామని బయల్దేరాం. లాయరు ఐడియా. వద్దనడానికి నోరు తెరవకూడదు కదా!

10.20. యాభై దాటాం. ఎండ.

10.50. నూట పది. ఆటస్థలం అయ్యే సూచనలు లేవు.

11.05. నూట ముప్పై ఏడో పాదం నీళ్ల పంపు పక్క గుంటలో పడింది. పాదంతోపాటు నేనూ పడ్డాను. పిల్లలు మాత్రం "నూట ముప్పై ఏడు!" అని పూర్తిగా లెక్కపెట్టాకే "మేడమ్ పడ్డారు" అని అరిచారు. లెక్క అంటే అంత శ్రద్ధ. ఏడవాలో మురిసిపోవాలో తెలియలేదు. ఏడ్చాను.

డాక్టరు మడమ చుట్టూ దూది పెట్టి, వేళ్ల కొసల దాకా కట్టు కట్టాడు. ఎముక విరగలేదు, బెణికింది. కుడి కాలే. ఇంకే కాలు బెణుకుతుంది నాకు?

ఫిబ్రవరి 7, శనివారం

సెలవు. కాలు దిండు మీద. మావారు గదిలోకి వచ్చి అటూ ఇటూ తిరుగుతున్నారు.

"నా కళ్లజోడు కనపడిందా?"

తీర్మానం గుర్తొచ్చింది. "చివరిసారి ఎక్కడ పెట్టుకున్నారో గుర్తుతెచ్చుకోండి. తొందర లేదు."

అరగంట వెతికారు. మంచం కింద, పుస్తకాల వెనకాల, చివరికి ఫ్రిజ్‌లో కూడా. కళ్లజోడు ఆయన తల మీదే ఉంది. చివరికి అత్తయ్య చెప్పేసింది. చెప్పి నా వంక ఎలా చూసిందంటే, ఆ చూపుకి కాలు నొప్పి మర్చిపోయాను.

ఆయన ఒకటే అన్నారు. "పదేళ్లుగా అడక్కముందే జవాబు చెప్పేదానివి. అప్పుడూ భరించాను. ఇప్పుడు అడిగినా చెప్పడం లేదు. ఇదీ భరిస్తాను. ఏదో ఒకటి ఖాయం చేసుకో."

ఇంట్లో తీర్మానం రద్దు. ఇది ఓటమి కాదు. తీర్మానం అసలు క్లాసు కోసమే కదా.

ఫిబ్రవరి 9, సోమవారం

కట్టుతోనే వెళ్లాను. ఎడమ పాదంతో కొలుద్దామన్నాను. లాయరు ఒప్పుకోలేదు. "మళ్లీ ఎన్నిక పెట్టాలి మేడమ్." ఇంకో ఎన్నికకి ఓపిక లేదు. కట్టు పాదంతోనే కుంటుకుంటూ గది కొలిచాం.

ఇరవై మూడు!

మొన్న ఇరవై ఆరు. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు.

"మేడమ్, మన గది చిన్నదైపోయింది!"

"మనం పెరిగాం కదా, అందుకే" అన్నాడు లాయరు. అందరికీ నచ్చింది ఆ మాట. ఒకళ్లనొకళ్లు కొలుచుకోవడం మొదలుపెట్టారు. గుసగుస ఒక్కతే కదలకుండా నా కాలివంకే చూస్తూ కూర్చుంది. జాలిగుండె పిల్ల. నొప్పిగా ఉందేమోనని పాపం.

నాకు నిజంగానే చచ్చే నొప్పిగా ఉంది. ఇరవై మూడెందుకు వచ్చిందో ఆలోచించే స్థితిలో లేను. రేపు కనుక్కుంటారులే, పిల్లలే కనుక్కోవాలి కదా. (ఈ తీర్మానంలో ఉన్న సుఖం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.)

2.30. వడ్రంగి వచ్చాడు. "గోడ ఎంతమ్మా?" అన్నాడు. పిల్లలు ఒక్కసారిగా, "ఎనిమిది పాదాలు!"

"ఎవరి పాదాలు?"

ముప్పై వేళ్లు నావైపు చూపించాయి. అతను టేపు బయటికి తీశాడు. నేను వద్దన్నాను. "పిల్లలిచ్చిన కొలతే మీరు తీసుకోవాలి. పెద్ద మేడమ్ ఒప్పుకున్నారు."

మంచి మనిషి, వాదించలేదు. అట్టముక్క నేల మీద పరిచి, నా కాలు దాని మీద పెట్టమన్నాడు. చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాడు. కత్తిరించి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా పాదం జేబులో పెట్టుకుని ఒకరు బజార్లో నడిచి వెళ్తున్నారంటే అదో రకంగా అనిపించింది.

ఫిబ్రవరి 11, బుధవారం

కొంప మునిగింది.

9.10. షెల్ఫు వచ్చింది. నున్నగా, రంగు వేసి, ఎంతో బాగుంది. గోడకి ఆనించారు. గోడ అయిపోయింది, షెల్ఫు అవలేదు. తలుపులోకి జానెడు పొడుచుకొచ్చింది. ఇప్పుడు మా క్లాసులోకి రావాలంటే అందరూ పక్కకి తిరిగి రావాలి.

వడ్రంగి జేబులోంచి అట్టపాదం తీసి షెల్ఫు మీద ఎనిమిదిసార్లు పెట్టి చూపించాడు. సరిగ్గా సరిపోయింది. "నా తప్పు లేదమ్మా."

తప్పు గోడదే అయ్యుంటుంది. పాత కట్టడం. వానకి నానిందేమో, ఎండకి బిగిసిందేమో.

9.40. పెద్ద మేడమ్ వచ్చింది. ఆవిడకి పక్కకి తిరిగి రావడం కుదరలేదు. ఎటు తిరిగినా ఒకటే. గుమ్మం అవతలే నిలబడి మాట్లాడింది.

"ఏమ్మా, ఇదేనా కొలతల పాఠం?"

"అంటే మేడమ్, పిల్లలు ఇంకా కనుక్కునే దశలో..."

"ఎల్లుండి శుక్రవారం. తల్లిదండ్రుల ముందు హాలు కొలిపిస్తాను. ఈ షెల్ఫులాగే అయితే సోమవారం నువ్వు లైబ్రరీలో ఉంటావు. మాష్టారితో మాట్లాడేశాను కూడా."

మాట్లాడేసిందట! మధ్యాహ్నం చూస్తే ఎక్కాల మాష్టారు తన గదిలో బెంచీలు జరిపించుకుంటున్నారు. ముప్పై మంది పట్టేలా.

3.15. హాలుకి ఒంటరిగా వెళ్లాను. కట్టు పాదంతో గోడ పట్టుకుని మొత్తం కొలిచాను. నలభై ఆరు పాదాలు. రెండుసార్లు కొలిచాను. నలభై ఆరే.

ఇప్పుడు ఒక విషయం ఆలోచిస్తున్నాను. జవాబు చెప్పడం వేరు, గుర్తుచేయడం వేరు. పిల్లలు రేపు హాలు కొలిస్తే నలభై ఆరే వస్తుంది కదా? వాళ్లకి ఎలాగూ రాబోయే జవాబు ముందుగా వాళ్లకిస్తే అది చెప్పినట్టు ఎలా అవుతుంది? అడ్వాన్సు ఇచ్చినట్టు అవుతుంది.

ఫిబ్రవరి 12, గురువారం

ఉదయమంతా:

"హాలు పొడవెంత?"

"నలభై ఆరు పాదాలూ!"

"గట్టిగా!"

"నలభై ఆరు పాదాలూ!!"

మధ్యాహ్నమంతా కూడా అదే. మా గోడ అవతల ఎక్కాలు ఆగిపోయాయి. మాష్టారు షెల్ఫు పక్కనుంచి ఒంటిభుజం పెట్టి లోపలికొచ్చారు. కళ్లు చెమ్మగిల్లాయి ఆయనకి.

"ఇదీ టీచరుగారూ చదువంటే! ఎంత కమ్మగా ఉందో వినడానికి."

నాకు ఒళ్లు మండింది. ఆయన మెచ్చుకున్నందుకు కాదు, ఆయన మెచ్చుకునే పని నేను చేస్తున్నందుకు.

గుసగుస నోరు కదపడం లేదు. "నువ్వూ చెప్పమ్మా" అన్నాను. పక్కపిల్ల చెవిలో ఏదో అంది. పక్కపిల్ల నాతో అంది, "మేడమ్, ఇది హాలు కొలవకుండానే ఎలా తెలిసిందని అడుగుతోంది."

"అది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. సిగ్గేసింది. కానీ లేబుళ్లు గుర్తొచ్చాయి. "మళ్లీ చెప్పండి! గట్టిగా!"

సాయంత్రం 5.30. డాక్టరు కట్టు విప్పేశాడు. వాపు పూర్తిగా తగ్గింది. కాలు దూదిపింజలా ఉంది! ఇంటిదాకా నడిచే వచ్చాను. శుభసూచకం. రేపు ఇక భయం లేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

10.30. హాలు నిండా తల్లిదండ్రులు. వెనక వరసలో అత్తయ్య కూడా. ఎవరు పిలిచారో! పెద్ద మేడమ్ మైకు పట్టుకుంది.

"పిల్లలూ, ఈ హాలు పొడవెంత?"

"నలభై ఆరు పాదాలూ!!"

చప్పట్లు. ఒక తండ్రి ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. గాల్లో తేలిపోయాను.

పెద్ద మేడమ్ పక్కనున్న బల్ల మీద చెయ్యి వేసింది. "మరి ఈ బల్ల?"

"నలభై ఆరు పాదాలూ!!"

"ఈ కుర్చీ ఎత్తు?"

"నలభై ఆరు!!"

ఊపులో ఉన్నారు పాపం. అత్తయ్య నవ్వు అందరికంటే గట్టిగా వినపడింది. పెద్ద మేడమ్ నవ్వలేదు. మైకు కింద పెట్టింది.

"కొలవండి."

చెప్పులు విప్పాను. గుసగుస సుద్దముక్క తీసుకుంది. మొదలుపెట్టాం. పది. ఇరవై. ముప్పై. పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడా లెక్కపెడుతున్నారు. నలభై అయిదు. నలభై ఆరు.

హాలు ఇంకా ఉంది.

నలభై ఏడు. నలభై ఎనిమిది. లెక్కపెట్టే గొంతులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. యాభై రెండుకి గోడ వచ్చింది. అప్పటికి లెక్కపెడుతున్నది పెద్ద మేడమ్ ఒక్కతే.

లాయరు కూడా వాదించలేదు. వాడు వాదించకపోవడం ఇదే మొదటిసారి. నెమ్మదిగా అన్నాడు, "హాలు పెద్దదైపోయింది మేడమ్."

"హాలు మారలేదు. మేడమే మారారు."

ఎవరన్నారో నాకు వెంటనే తెలియలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు మరి. గుసగుస. నా పాదం దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని ఉంది, వేళ్లనిండా సుద్ద.

పెద్ద మేడమ్ వంగింది. ఆవిడ వంగడం కూడా ఇదే మొదటిసారి. "ఏమన్నావమ్మా?"

"మొన్న కట్టు ఉంది. పెద్ద పాదం. అందుకని తక్కువసార్లు పట్టింది. ఇవాళ కట్టు లేదు. చిన్న పాదం. ఎక్కువసార్లు పెట్టాలి. షెల్ఫు కూడా అందుకే పొడుగైంది. గది కూడా చిన్నదవలేదు."

నేను ఆ మాట ఎప్పుడో ఆలోచించి ఉండాల్సింది. గోడని తిట్టాను, వానని తిట్టాను.

"ఇది నీకు ఎవరు చెప్పారు?" అంది పెద్ద మేడమ్.

"ఎవరూ చెప్పలేదు."

"మరి నలభై ఆరని ఎవరు చెప్పారు?"

ముప్పై వేళ్లు నావైపు లేచాయి. కొలతకి ఎన్నుకున్నప్పుడు ఎంత ఏకగ్రీవమో, ఇప్పుడూ అంతే.

12.10. పెద్ద మేడమ్ గది. నిలబడే ఉన్నాను.

"ఈ పది రోజుల్లో నువ్వు పిల్లలకి ఎన్ని జవాబులు చెప్పావు?"

"ఒక్కటే మేడమ్."

"తప్పయిందీ ఆ ఒక్కటే."

ఆవిడ లైబ్రరీ తాళంచెవి బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత సొరుగులో పడేసింది.

"క్లాసు నీ దగ్గరే ఉంటుంది. ఆ చిన్నపిల్ల కోసం, నీ కోసం కాదు. ఇకమీదట నువ్వు జవాబు చెప్పినట్టు నా చెవిన పడితే మాత్రం ఇంకో మాట ఉండదు."

అంటే నా తీర్మానం ఇక నాది కాదు. ఆర్డరు. బయటికొచ్చి వరండా చివర నిలబడి హాయిగా ఏడ్చాను. ఎక్కాల మాష్టారు బెంచీలు మళ్లీ వెనక్కి జరిపించుకుంటున్నారు. నన్ను చూసి ఆగారు. తన టీ నాకిచ్చి వెళ్లారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో ఉంది. "ఆ పిల్ల ఎవరే? దాన్ని చూసుకో" అంది. చూసుకోకుండా పదకొండు రోజులు తిరిగానని చెప్పలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఉదయం 7.15. నిర్ణయించుకున్నాను. ఇవాళ్టి నుంచి క్లాసులో జవాబు నేను చెప్పను. ఈసారి నిజంగా.

కొత్త పాఠం, బరువులు. తూకం దేంతో వెయ్యాలో పిల్లలే తేల్చుకోవాలి.

11.00. మారనిది కావాలన్నారు. అది మాత్రం అందరికీ బాగా తలకెక్కింది. నీళ్ల సీసా వద్దు, తాగేస్తాం. సుద్దముక్క వద్దు, అరిగిపోతుంది. నా వంక కూడా ఒకసారి చూశారు. "మేడమ్ వద్దు, మారతారు" అన్నాడు లాయరు. గట్టిగానే తగిలింది. పడ్డాను.

11.20. ఓట్లు లెక్కపెట్టాం. ఏకగ్రీవం. బరువుకి కొలత పెద్ద మేడమ్. ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ ఒకేలా ఉంటారట. ఆటస్థలంలో ఊగే బల్లకి ఒక చివర ఆవిడ కూర్చోవాలి. రెండో చివర ఎంతమంది పిల్లలు ఎక్కితే సమానమవుతుందో చూడాలి.

కిలో రాళ్లు అనే మాట గొంతులో గిలగిల కొట్టుకుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

11.30. ఆవిడని పిలవడానికి ఎవరు వెళ్తారని అడిగాను. ఈ విషయం నేను చెప్పకూడదు కదా! క్లాసంతా తలలు దించుకుంది. లాయరుకి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది.

గుసగుస లేచింది. షెల్ఫు పక్కనుంచి తిన్నగా నడిచి వెళ్లిపోయింది. ఆ పిల్లకి పక్కకి తిరగాల్సిన పని లేదు.

11.40. పెద్ద మేడమ్ గది తలుపు మూసి ఉంది. లోపల గుసగుస మాట్లాడుతోంది. ఇక్కడికి వినపడుతోంది!